తంజావూరు: చూడవలసినవి, చదవవలసినవి

తంజావూరు వెళ్ళివచ్చిన మనవాళ్ళను ఏమేమి చూశారని అడిగితే, “పెద్ద గుడి చూశాము, తలాడించే బొమ్మ కొన్నాము” అంటారు. పొద్దున రైలు దిగి, గుడి చూసుకొని, భోజనం ముగించి, సాయంకాలానికి కుంభకోణమో తిరుచ్చియో చేరుకొనేవారే ఎక్కువ. పెద్ద గుడి చూడదగినదే, అందులో సందేహం లేదు. కాని ఆ గుడికి మైలు దూరంలో ఉన్న రాజభవనంలో అడుగు పెట్టకుండా తిరిగివచ్చే తెలుగు కుటుంబం, తన తాతగారి వీధి దాకా పోయి ఆ ఇంటి తలుపు తట్టకుండా వెనక్కి వచ్చినట్టే లెక్క.

ఎందుకంటే ఆ ఊళ్ళో దాదాపు మూడువందల యేళ్ళపాటు కొలువులో ఆదరణ పొందిన భాష మన తెలుగు. ఆంధ్రదేశం అక్కడికి వందల మైళ్ళ దూరం. చుట్టూ ఉన్నది చక్కని తమిళదేశం. అయినప్పటికీ మన సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్రయుగం అని పేరుపడిన కాలానికి రాజధాని అనదగిన పట్టణం తంజావూరే. సొంత నాడు విడిచి బయట స్థిరపడిన మనబోటివాళ్ళు ఆ ఊరిని చూడవలసిన తీరు వేరు, తక్కినవాళ్ళు చూసే తీరు వేరు.

మా కుటుంబం సేలంలో స్థిరపడి నాలుగు తరాలైంది. నేను ఒక ఆఫీసులో గుమాస్తాను. మొన్న డిసెంబరు సెలవుల్లో మా అమ్మనూ, మా ఆవిడనూ, పదవ తరగతి చదువుతున్న మా అమ్మాయినీ వెంటబెట్టుకొని రెండు రోజులు తంజావూరులో గడిపి వచ్చాను. అక్కడ చూసినవీ, వెళ్ళబోయేవారికి పనికివచ్చేవీ నాలుగు మాటలు ఇక్కడ వ్రాస్తున్నాను.

పెద్ద గుడి

బృహదీశ్వరాలయాన్ని కట్టించినవాడు మొదటి రాజరాజ చోళుడు. క్రీ.శ. 1010లో పూర్తయింది. 2010లో వెయ్యేళ్ళ పండుగ జరిపారు. 1987లో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేరింది. విమానం పదమూడు అంతస్తులు, ఎత్తు రెండువందల అడుగులకు పైమాటే. అంతా నల్లరాయి. చుట్టుపక్కల చూస్తే వరిపొలాలు తప్ప కొండ అన్నది కనిపించదు. అంత రాతిని దూరం నుంచి తరలించి తెచ్చారంటే ఆ కాలపువారి శ్రమ ఎంతటిదో ఊహించుకోవలసిందే. ఈ విమానం నీడ నేలమీద పడదని చాలామంది చెబుతారు. సాయంత్రం ఎండ వాలినప్పుడు ఆవరణలో నిలబడి చూడండి. నీడ శుభ్రంగా పడుతుంది, పిల్లలు అందులో కూర్చొని పులిహోర కూడా తింటుంటారు. లేనిపోని వింతలు అంటగట్టవలసిన అవసరం లేని కట్టడం అది.

గుమాస్తాను గనుక నా కన్ను ముందుగా గోడలమీది శాసనాలవైపు పోయింది. తమిళం చదవను వచ్చినా ఆ కాలపు లిపి మనకు పట్టుబడదు. పండితులు చదివి అచ్చువేసిన సంగతులనుబట్టి చూస్తే ఆ గోడలు నిజంగా ఒక ఆఫీసు లెక్కల పుస్తకం. రాజుగారు ఏ నగ ఇచ్చారు, దాని తూకమెంత, అందులో లక్క ఎంత, దారమెంత, ఒక దీపానికి నెయ్యి సరఫరా చేసేందుకు తొంభయ్యారు గొర్రెలు ఎవరికి అప్పగించారు, అన్నీ ఉన్నవి. గుడి సేవకు వేరే వేరే ఊళ్ళ నుంచి తెప్పించిన నాలుగువందల మంది నాట్యకత్తెల పేర్లు, ఒక్కొక్కరిది ఏ ఊరి గుడి, వారికి ఇచ్చిన ఇల్లు ఏ వీధిలో ఏ వరుసలో ఎన్నోది, జీతంగా ఇచ్చే వడ్లెన్ని అన్నంతవరకు వ్రాసి ఉన్నది. వెయ్యేళ్ళయినా ఒక చిన్న ఉద్యోగస్తురాలి పేరు చెడిపోకుండా నిలిచిందంటే, దానికి కారణం ఆనాడు ఎవరో ఒక లేఖకుడు శ్రద్ధగా వ్రాయడమే కదా!

ఆ ఆవరణలో చోళులొక్కరే లేరు. గుడి ముందరి ఏకశిలా నంది నాయకరాజుల కాలం నాటిది. వాయవ్యపు మూల ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడి కూడ వారి కాలపుదే. అక్కడి స్తంభాల నగిషీపని చూస్తే రాయి చెక్కారా, కొయ్య చెక్కారా అని అనుమానం వస్తుంది. గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి ప్రదక్షిణ మార్గంలో నాయకుల కాలపు చిత్రాల వెనుక చోళుల చిత్రాలు దాగి ఉన్నవని 1931లో బయటపడింది. ఆ మార్గంలోకి అందరినీ పోనివ్వరు. ప్రాకారం గోడమీద 1803లో శరభోజి మహారాజు చెక్కించిన మరాఠీ శాసనం మరొకటి. అందులో భోంస్లే వంశ చరిత్ర అంతా వ్రాయించాడు. ఒకే ఆవరణలో మూడు వంశాలు, మూడు భాషలు కలిసి ఉన్నవన్నమాట.

నాయకరాజుల కొలువు

విజయనగర ప్రభువుల తరఫున 1532 ప్రాంతంలో సేవప్ప నాయకుడు తంజావూరికి వచ్చాడు. ఆయన తరువాత అచ్యుతప్ప నాయకుడు, పిదప రఘునాథ నాయకుడు, చివరకు విజయరాఘవ నాయకుడు. నలుగురే రాజులు, నూటనలభై సంవత్సరాలు. వారి ఇంటిభాష తెలుగు. రఘునాథుడు స్వయంగా కవి, వీణావాదకుడు. నేటి వీణకు ఇరవైనాలుగు మెట్లు కదలకుండా మైనంలో బిగించే పద్ధతి ఆయన పేరుతోనే ప్రసిద్ధమైనది. చేమకూర వెంకటకవి విజయవిలాసం చెప్పినది ఈయన కొలువులోనే. రామభద్రాంబ, మధురవాణి అనే విదుషీమణులు ఆ కొలువులో సంస్కృత కావ్యాలు చెప్పారు. విజయరాఘవుని కాలంలో రంగాజమ్మ మన్నారుదాస విలాసం వ్రాసింది. ఆ కాలంలో ఒక ఊళ్ళో ఇంతమంది స్త్రీలు కవులుగా మన్ననలందుకొన్న చోటు మరొకటి వెదకితే దొరకడం కష్టం.

వీరికి మంత్రిగా ఉండి రాజ్యం నడిపిన గోవిందదీక్షితులు కన్నడిగుడు. ఆయన కుమారుడు వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో డెబ్బైరెండు మేళకర్తలను లెక్కగట్టాడు. కర్ణాటకలో ఉండే మన పాఠకులు ఈ సంగతి తెలిసి సంతోషిస్తారు.

1620లో రఘునాథుడు డేనులతో ఒడంబడిక చేసుకొని, సముద్రతీరాన తరంగంబాడిలో కోట కట్టుకొనేందుకు అనుమతినిచ్చాడు. ఊరి తూర్పు కోటబురుజుమీద ఇప్పటికీ ఒక పెద్ద ఫిరంగి ఉన్నది. ఆ తావును ఫిరంగిమేడు అంటారు. పోతపోసినది కాదు. ఇనుప పట్టీలు కాల్చి, సాగగొట్టి, ఒకదానితో ఒకటి అతికి కట్లు బిగించి చేసినది. పొడవు పాతిక అడుగుల ప్రాంతం, బరువు ఇరవై టన్నులకు పైన. ఎండావానల్లో వందల యేళ్ళుగా పడి ఉన్నా తుప్పు పెద్దగా పట్టలేదు. ఆటోవాళ్ళు తమంతట తాము అక్కడికి తీసుకుపోరు, అడిగి వెళ్ళవలసినదే.

ఈ వంశం ముగిసిన తీరు విషాదకరం. 1673లో మధుర చొక్కనాథ నాయకుడు దండెత్తివచ్చాడు. తంజావూరు ఆడపడుచును తనకిమ్మని అడిగితే వీరు కాదన్నారనీ, అదే కయ్యానికి కారణమనీ చెబుతారు. వృద్ధుడైన విజయరాఘవుడు కత్తిపట్టి యుద్ధంలో కూలిపోయాడు. అంతఃపుర స్త్రీలు శత్రువు చేత చిక్కకుండా మందుగుండుతో ఆ భవనాన్నే పేల్చుకొని మరణించారని చరిత్రకారులు వ్రాశారు. రెండువైపులా ఉన్నది తెలుగు నాయకులే సుమా!

రాజభవనంలో నాయకుల దర్బారు ఇప్పుడు కళాప్రదర్శనశాల అయింది. 1951లో మొదలైన ఈ శాలలో చోళుల కాలపు కంచువిగ్రహాలు ఉన్నవి. తిరువెంగాడులో భూమిలో దొరికిన వృషభవాహన శివుణ్ణి తప్పకుండా చూడాలి. స్వామి ఎద్దుమీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు, కాని ఎద్దు లేదు. అయినా చెయ్యి ఆనిన తీరు చూస్తే ఎద్దు అక్కడ ఉన్నట్టే ఉంటుంది. జడలు తలపాగా వలె చుట్టుకొని, పెదవిమీద చిరునవ్వుతో ఉన్న ఆ మూర్తి ముందు మా అమ్మ చేతులు జోడించి చాలాసేపు నిలుచుండిపోయింది.

మరాఠీ రాజులు, తెలుగు పాటలు

నాయకుల తరువాత 1676 ప్రాంతం నుంచి రాజ్యం శివాజీ తమ్ముడు ఏకోజీ చేతికి వచ్చింది. వీరి ఇంటిభాష మరాఠీ. వారు తలచుకొంటే తెలుగును కొలువు నుంచి సాగనంపి ఉండవచ్చు. ఎవరూ అడ్డుపడేవారు కారు. కాని జరిగింది వేరు. ఏకోజీ కుమారుడు శాహజీ స్వయంగా తెలుగు నేర్చి పల్లకిసేవాప్రబంధం మొదలైన యక్షగానాలు వ్రాశాడు. అయిదు భాషలు కలిపి పంచభాషావిలాసం అనే నాటకం కూడ కూర్చాడు. ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని రాధికాసాంత్వనం చెప్పింది.

ఊరి పడమటి రాజవీధిలో బంగారు కామాక్షి గుడి ఉన్నది. చిన్న గుడే. సంగీత త్రిమూర్తులలో ఒకరైన శ్యామశాస్త్రిగారు ఆ తల్లి అర్చకులు. ఆయన కృతులు చాలావరకు తెలుగే. చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు అన్నదమ్ములు ఈ ఊరి తమిళులు. నేటి భరతనాట్య కచేరీకి అలారిప్పు మొదలు తిల్లానా వరకు వరుస ఏర్పరచినవారు వీరే. వీరు కట్టిన వర్ణాలలో ప్రసిద్ధమైనవి తెలుగువి.

తెలుగు నాయకులు ఏలారు గనుక తెలుగు బ్రతికిందని అనుకొంటే అది సగం నిజమే. వారు పోయిన తరువాత కూడ దాదాపు నూటఎనభై సంవత్సరాలు మరాఠీ రాజులు, తమిళ విద్వాంసులు, కన్నడ మంత్రుల సంతతివారు దానిని ఇష్టపడి ఉంచుకొన్నారు. పాటకు పనికివచ్చింది, ఆటకు పనికివచ్చింది, కనుక నిలిచింది. ఆ ఊరు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది.

సరస్వతీమహలు

ఇక అసలు సంగతికి వస్తాను. రాజభవనపు ఆవరణలోనే సరస్వతీమహల్ గ్రంథాలయం ఉన్నది. నాయకుల కాలంలో మొదలైన పుస్తకభాండారాన్ని రెండవ శరభోజి పెంచి పెద్దచేశాడు. ఆయన 1798 నుంచి 1832 వరకు రాజు. ష్వార్ట్జ్ అనే క్రైస్తవ గురువు దగ్గర చదువుకొన్నాడు. శివగంగ తోటలో ఆ గురువు పేర 1779 నాటి చర్చి ఉన్నది. మరణశయ్యమీద ఉన్న గురువును శరభోజి దర్శించిన దృశ్యం అందులో పాలరాతిమీద చెక్కి ఉన్నది. అధికారమంతా కుంఫిణీవారి చేతిలోకి పోగా, మిగిలిన డబ్బునూ తీరికనూ ఈ రాజు పుస్తకాలమీద పెట్టాడు. కాశీయాత్రకు వెళ్ళి తాళపత్రాలు సేకరించి తెచ్చాడు. కంటివైద్యం చేయించి రోగుల వివరాలు బొమ్మలతో సహా వ్రాయించాడు. ఆయన తరువాత కుమారుడు శివాజీ 1855లో మగసంతానం లేకుండా పోవడంతో రాజ్యం కుంఫిణీపరమైంది. పుస్తకాలు మాత్రం మిగిలినవి. 1918 నుంచి అది ప్రజల గ్రంథాలయం.

వ్రాతప్రతులు నలభైవేలకు పైగా ఉన్నవి. అత్యధికభాగం సంస్కృతం, తరువాత తమిళం, మరాఠీ. తెలుగువి సుమారు ఎనిమిదివందలు, చాలావరకు తాటాకులు. నాయకరాజుల యక్షగానాలు, ప్రబంధాలు ఇక్కడ భద్రంగా ఉండబట్టే తరువాతి తరాలకు దక్కినవి. గ్రంథాలయంవారు కొన్ని తెలుగు గ్రంథాలను అచ్చువేశారు కూడ.

లోపలి బీరువాలదాకా మనబోటి యాత్రికులను పోనివ్వరు. పరిశోధన చేసేవారికే అనుమతి. కాని ముందరి ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలలో కొన్ని పెట్టి ఉంచారు. మనిషి ముఖాలను జంతువుల ముఖాలతో పోల్చి గీసిన ఫ్రెంచి బొమ్మలు, చీనాదేశపు శిక్షల పటాలు చూసి పిల్లలు అక్కడే గుమికూడుతారు. మా అమ్మాయి వాటిని దాటి తాటాకుల పెట్టె దగ్గర ఆగింది. తమిళంలో, ఇంగ్లీషులో వ్రాసిన చీటీలు మాకందరికీ గడగడ చదివి వినిపించింది. తెలుగు తాళపత్రం దగ్గరకు వచ్చేసరికి, “నాయనమ్మా, ఇది మన అక్షరమేనా?” అని అడిగింది.

మా అమ్మ కళ్ళద్దాలు సవరించుకొని అద్దానికి దగ్గరగా వంగింది. పాతకాలపు వ్రాత, మాటకూ మాటకూ మధ్య ఎడం లేదు. అయినా వేలితో చూపిస్తూ నాలుగైదు అక్షరాలు కూడబలుక్కొని పైకి చదివింది.

“నీకెట్లా వచ్చు నాయనమ్మా?”

“మా నాయన పెద్దబాలశిక్ష ముందేసుకొని నేర్పించాడే. తప్పు చదివితే తొడపాశం పెట్టేవాడు.”

“మరి నాకెవరు నేర్పిస్తారు?”

“తొడపాశం లేకుండా అయితే నేనే నేర్పిస్తాను,” అన్నది మా అమ్మ. పక్కనున్న తమిళ కుటుంబంవారికి మాట తెలియకపోయినా నవ్వు తెలిసింది, వారూ నవ్వారు.

ఆ సాయంత్రం కాఫీ త్రాగేందుకు ఒక చిన్న హోటలులో కూర్చొన్నాము. మా మాటలు విని యజమాని, “మేమూ తెలుగోళ్ళమే సార్! ఇంట్లో అంతా తెలుగే. చదివేదానికి మాత్రం రాదు,” అన్నాడు. ఆ మాటలో సిగ్గు లేదు, విచారమూ లేదు. మామూలు సంగతిగా చెప్పాడు. సేలంలో, హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపురంలో మనవారి ఇళ్ళలో ఎన్నింటిలోనో ఇదే మాట వినవచ్చు. మాట ఇంట్లో ఉన్నది, అక్షరం గడప దాటిపోయింది. పలికే భాషకు తాళం ఉండదు. వ్రాసిపెట్టిన భాషకు మాత్రం తాళంచెవి కావాలి, ఆ చెవి యాభైయారు అక్షరాలే. ఎనిమిదివందల గ్రంథాలు మనకోసం ఎవరో కాపాడి ఉంచితే, విప్పి చదవను మన ఇళ్ళలో ఒక్కరైనా ఉండవద్దా?

తిరువయ్యారు, మేలట్టూరు

రెండవరోజు తెల్లవారగానే తిరువయ్యారు వెళ్ళాము. తంజావూరికి ఎనిమిది మైళ్ళు, బస్సులో అరగంట. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. స్వామి 1767లో పుట్టి, 1847 జనవరి 6న సిద్ధిపొందారు. వారి ఇంటిపేరు కాకర్ల. పూర్వులు ప్రకాశం సీమనుంచి వచ్చినవారు. అంటే ఆయన కూడ మనవలె బయట స్థిరపడిన తెలుగు కుటుంబపు బిడ్డ. పొరుగున తమిళం వింటూ, ఇంట్లో నేర్చిన తెలుగులో పాడుకొన్నారు. ఆ ఇంటి తెలుగే ఈనాడు దక్షిణదేశమంతటా కచేరీలలో వినిపిస్తున్నది.

సమాధికి గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని 1910లో పరిష్కరించి అచ్చువేయించినదీ ఆమెయే. ప్రభుత్వంవారు ఆ పుస్తకాన్ని నిషేధించారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రధానిగా ఉన్నప్పుడు ఆ నిషేధం తొలగింది. నాగరత్నమ్మ 1952లో కన్నుమూసింది. ఆమె సమాధి కూడ స్వామి సమాధికి ఎదురుగానే ఉన్నది. పుష్య బహుళ పంచమినాడు ఆరాధన. ఆనాడు వందలమంది విద్వాంసులు వరుసలుగా కూర్చొని పంచరత్న కీర్తనలు పాడుతారు. అయిదింటిలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగే. పాడేవారి చేతుల్లోని పుస్తకాలు మాత్రం తమిళంలో, కన్నడంలో, మలయాళంలో ఉంటవి. పరాయి లిపిలో వ్రాసుకొని అయినా మన మాటను తప్పుపోకుండా పాడాలని వారు పడే ఆరాటం చూస్తే నమస్కరించబుద్ధి వేస్తుంది.

తంజావూరికి పదిపన్నెండు మైళ్ళలో మేలట్టూరు ఉన్నది. అచ్యుతప్ప నాయకుడు అయిదువందలపది కుటుంబాలకు ఇళ్ళూ భూములూ ఇచ్చి నిలిపిన అగ్రహారం అది. మేలట్టూరు వెంకటరామశాస్త్రిగారు వ్రాసిన ప్రహ్లాదచరిత్రం మొదలైన తెలుగు నాటకాలను భాగవతమేళ మనే పేర ఏటా నరసింహజయంతికి వరదరాజస్వామి సన్నిధిలో రాత్రిళ్ళు ఆడుతారు. స్త్రీపాత్రలు కూడ మగవారే ధరిస్తారు. మేము వెళ్ళిన వేళ నాటకం లేదు. గుడి, వీధి చూసి వచ్చాము. వైశాఖంలో వీలున్నవారు తప్పక వెళ్ళవలసినది.

వెళ్ళేవారికి

చలికాలం మంచిది. పెద్ద గుడిని తెల్లవారుజామునగాని ఎండ తగ్గినాకగాని చూడండి. మధ్యాహ్నం రాయి కాలుతుంది, గుడి తలుపులు కూడ మూస్తారు. ఆ మధ్యాహ్నాన్ని రాజభవనానికి, సరస్వతీమహలుకు కేటాయించండి. పనసకొయ్యతో వీణలు చేసే ఇళ్ళు ఊళ్ళో ఉన్నవి; అడిగితే పని చూడనిస్తారు. బొమ్మలకొలువు పెట్టే ఇళ్ళవారు తలాడించే బొమ్మలు కొనుక్కోవచ్చు. తీరిక ఉంటే తిరుచ్చి దారిలో కల్లణై ఆనకట్ట కూడ చూడండి. కాటన్ దొర గోదావరికి రాకముందు ఈ కావేరి డెల్టాలోనే పని నేర్చాడు. కొల్లిడం మీద 1836లో ఆనకట్టలు కట్టించిన తరువాతనే 1847లో ధవళేశ్వరం పని మొదలుపెట్టాడు. గోదావరి నీరు త్రాగే మన యానాం సోదరులకు ఆ పాత చోళ ఆనకట్టతో ఈ విధంగా చుట్టరికం ఉన్నది.

వెళ్ళేటప్పుడు ఇంట్లో తెలుగు చదవగల పెద్దవారుంటే వారిని తప్పక తీసుకుపొండి, వెంట పిల్లలనూ తీసుకుపొండి. ఇద్దరినీ ఆ తాటాకుల పెట్టె ముందు నిలబెట్టి, మీరు కొంచెం పక్కకు తప్పుకోండి. తక్కిన పని వారే చూసుకొంటారు. మా ఇంట్లో ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక అరగంట పాఠం జరుగుతున్నది. గుణింతాలు దాటి వత్తుల దగ్గర ఉన్నారు. వైశాఖానికి మేలట్టూరు వెళ్ళేలోగా ప్రహ్లాదచరిత్రం పేరైనా తనంతట తాను తెలుగులో వ్రాస్తానని మా అమ్మాయి పందెం వేసింది. తొడపాశం ఇంతవరకు అవసరం కాలేదు.